అలివేలమ్మ పంచలో సిపాయి పుస్తకం

మార్కాపురం అంటే పలకలని ఎవరినడిగినా చెబుతారు. విస్తళ్ళని చెప్పేవాళ్ళు ఇప్పుడు కరువైపోయారు. ఆ తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలో, మద్రాసు ప్రభుత్వం కింద ఉన్న రోజుల్లో నల్లమల మోదుగాకు బండ్లకొద్దీ ఊళ్ళోకి దిగేది. కోమటివీధిలో ఉమామహేశ్వర్లు దుకాణం వెనక ఒక పొడుగాటి పంచ, పంచ నిండా తడి ఆకు వాసన, ఆ ఆకుల మధ్య పీట మీద ఆయన అక్క అలివేలమ్మ. పొద్దు కాస్త వాలేసరికి ఆడవాళ్ళు వచ్చి చేరేవాళ్ళు. ఆకు మీద ఆకు పేర్చి, సన్నటి పుల్లతో గుచ్చుతూ విస్తళ్ళు కుట్టేవాళ్ళు. వాళ్ళు కుడుతుంటే అలివేలమ్మ పుస్తకం చదివి వినిపించేది.

ఈ ఏర్పాటు ఉమామహేశ్వర్లు బుర్రలో పుట్టింది. పదిమంది ఆడవాళ్ళు ఒకచోట కూర్చుంటే మాటలు పెరుగుతాయి, మాటలు పెరిగితే చేతులు ఆగుతాయి, అందువల్ల వాళ్ళ చెవులకు ఏదో ఒకటి అప్పగించాలని ఆయన లెక్క. వ్యాపారస్తుడి లెక్క ఎప్పుడైనా తప్పుతుందా? తప్పింది. కథలో ఎవరికైనా కష్టం వస్తే పుల్లలన్నీ గాలిలోనే ఆగిపోయేవి. ఆయన దుకాణంలోంచి దగ్గేవాడు. అలివేలమ్మ ఆ దగ్గు వినిపించుకునేది కాదు.

ఆమెకు తొమ్మిదో ఏట కంభం పిల్లాడితో పెళ్ళి చేశారు. పదో ఏట ఆ పిల్లాడు జ్వరంతో పోయాడు. అతని ముఖం కూడా ఆమెకు సరిగ్గా గుర్తులేదు. అత్తవారింటి గడప తొక్కకుండానే విధవ అయిన కూతుర్ని చూడలేక, తండ్రి ఆమె చేతికి విరిగిన పలకముక్క ఒకటి ఇచ్చి అక్షరాలు దిద్దించాడు. పురాణం చదవడం నేర్పాడు. నేర్పుతూ ఒక మాట గట్టిగా చెప్పాడు. చావు దగ్గర పుస్తకం మూయకూడదు. వీరుడు కూలిన చోట ఆపి లేస్తే విన్నవాళ్ళ ఇంటికి ఆ అశుభం వెంట వస్తుంది. పెళ్ళో, పురుడో, పట్టాభిషేకమో వచ్చేదాకా చదివి అక్కడ ఆపాలి.

ఆ నియమం అలివేలమ్మకు ప్రాణం. ఆమె బతుకును పదేళ్ళకే ఒక చావు దగ్గర మూసిపెట్టారు. ఆ కోపం ఆమెకు లోపల ఎప్పుడూ ఉండేది. ఇంకెవరి కథనూ అట్లా మూయనివ్వకూడదని ఆమె పంతం.

కాశమ్మ ఆ పంచకు వచ్చింది యుద్ధం రోజుల్లో. వాళ్ళది పుల్లలచెరువు అవతల అడవి అంచు పల్లె. వరసగా వానలు లేక చెలమలు ఎండిపోయాయి, గొర్రెలు ఒక్కొక్కటే కాళ్ళు చాచాయి. మంద పోయిన గొల్లవాడికి పల్లెలో ఏం పని? పటాలానికి మనుషుల్ని చేర్చుకునేవాళ్ళు సంతకు వస్తే, ఆమె ఒక్కగానొక్క కొడుకు యల్లయ్య వాళ్ళ వెంట పోయాడు. కాశమ్మ మూట కట్టుకుని మార్కాపురం చేరి విస్తళ్ళ పనిలో కుదిరింది.

కొడుకు దగ్గరినుంచి ఎప్పుడైనా ఒక కార్డు వచ్చేది. ఎవరిచేతో రాయించినది. అది కూడా అలివేలమ్మే చదివి పెట్టేది. క్షేమంగా ఉన్నానని, తూర్పున ఏదో పెద్ద అడవిలో ఉన్నానని, తనకు కంచరగాడిదలను ఒప్పజెప్పారని అందులో ఉండేది. కాశమ్మకు కొండంత ధైర్యం వచ్చింది. జీవాల కాడ ఉండేవాడికి యుద్ధమేంది, మావాడు యాడికి పోయినా కాపరే కదా అని పంచలో అందరికీ చెప్పుకుంది. తుపాకి పట్టినవాడికి భయం గాని, తాడు పట్టినవాడికి ఏం భయమని అందరూ ఒప్పుకున్నారు. గొర్రెల మందల మధ్య పుట్టి పెరిగినవాళ్ళు ఇంకెట్లా అనుకుంటారు!

పురాణాలన్నీ తిరగేసి మరగేసి చదివేశాక, ఊళ్ళో గ్రంథాలయం నడిపే పంతులు ఒక నవల ఇచ్చాడు. అట్ట లేదు, మొదటి కాగితాలు లేవు, పేరేమిటో ఎవరు రాశారో దేవుడికే తెలియాలి. వెనకటి జర్మనీ యుద్ధం నాటి కథ. సోమన్న అనే మన తెలుగు పల్లె కుర్రవాడు సిపాయిగా ఓడెక్కి బస్రా ఎడారికి పోతాడు. పంచలో దాన్ని సిపాయి పుస్తకం అన్నారు.

యుద్ధమంటే ఆ ఆడవాళ్ళకు కొత్త కాదు. పురాణాల్లో ఎన్ని యుద్ధాలు వినలేదు! కానీ ఈ పుస్తకం పద్ధతే వేరు. పురాణంలో వీరుడు కూలేముందు నాలుగు మంచి మాటలు చెబుతాడు, పైనుంచి పూలు రాలతాయి. ఇందులో మాట నోట్లో ఉండగానే మనిషి పోతాడు. పూలకు బదులు ఈగలు. పక్కనున్నవాడు ఏడవడానికి కూడా తీరిక లేక, పోయినవాడి నీళ్ళసీసా ఊపి చూసుకుంటాడు. తాగేశాక సిగ్గుపడతాడు. ఆ సిగ్గు గురించి రెండు పేజీలు రాశాడు ఆ మహానుభావుడు. మాలకొండమ్మ అని ఒకామె ఉండేది, నోటికి తాళంలేని మనిషి. ఆమె కూడా ఆ రెండు పేజీలూ నోరెత్తలేదు.

సోమన్న స్నేహితుడు పోయిన రోజు పెద్ద చిక్కు వచ్చింది. అక్కడ మూయడానికి వీల్లేదు. అలివేలమ్మ తరవాతి ప్రకరణం ఎత్తుకుంది, అందులో ఇంకొకడు పోయాడు. దాని తరవాతది ఎత్తుకుంది, అందులో సోమన్న కాలికి దెబ్బ. పొద్దు గుంకుతోంది. ఇళ్ళ దగ్గర పొయ్యిలు ముట్టించాలి, ఒక్కరూ లేవరు. ఉమామహేశ్వర్లు దగ్గి దగ్గి ఊరుకున్నాడు. చివరికి ఎట్లాగో సిపాయిలు పెంచుకుంటున్న మేక ఈనిందన్న వాక్యం దొరికింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

పిల్లలు ఎన్నని మాలకొండమ్మ అడిగింది. రెండని చెప్పింది అలివేలమ్మ. ఆడవా మగవా అని ఇంకో ప్రశ్న. పుస్తకంలో ఆ సంగతి లేదు. అలివేలమ్మ కళ్ళజోడు సర్దుకుని, కాగితం వంకే చూస్తూ, రెండూ ఆడపిల్లలేనంది. మంద పెరుగుతుందని సంతోషపడుతూ ఆడవాళ్ళు లేచిపోయారు.

ఆ రోజు నుంచి ఆమె పొద్దున్నే ముందుగా చదివిపెట్టుకునేది. ఎక్కడ ఆపాలో చూసుకునేది. ఆపే చోటు లేకపోతే తానే కల్పించేది. ఎడారిలో రెండుసార్లు వాన కురిపించింది. ఒకసారి సోమన్నకు కలలో పెళ్ళి చేసింది. ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటే ఎంత హాయిగా ఉంటుందో! చూరు నీడ పంచ మీదికి పాకుతుండేది, ఆకుల మీద చల్లిన నీళ్ళు నేల తడిపేవి, ఎక్కడో ఎడారిలో మనవాడొకడు బతికి బట్ట కట్టాలని పదిమంది ఆడవాళ్ళు పుల్ల పట్టుకుని కాచుకునేవాళ్ళు.

అందరిలోకీ కాశమ్మ తీరు వేరు. ఆమెకు సోమన్న వేరు, యల్లయ్య వేరు కాకుండా పోయారు. సోమన్నకు జ్వరం వచ్చిన రోజు ఆమె ముద్ద మింగలేదు. మర్నాడు చెన్నకేశవస్వామి గుడికి పోయి వాడి పేర ముడుపు కట్టి వచ్చింది. మాలకొండమ్మ ఊరుకుంటుందా? పుస్తకంలో వాడికి పూజారి దగ్గర గోత్రం ఏం చెప్పినావని ఎగతాళి చేసింది. నా కొడుకు గోత్రమే చెప్పినానని కాశమ్మ తల వంచుకుని కుట్టుకుంటూ అంది. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు. సోమన్న బతికితే యల్లయ్య బతుకుతాడని ఆమె మనసులో ముడి వేసుకున్నదని అలివేలమ్మకు అప్పుడు తెలిసింది. తను చదివేది ఇంకమీదట ఉత్త కథ కాదు.

ఆ సాయంత్రమే కూర్చుని మిగతా పుస్తకమంతా చదివేసింది. సోమన్న చావలేదు. ఊరికి వచ్చాడు. రైలుస్టేషన్లో దండలు, డప్పులు, తల్లి హారతి. అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! ఆ తరవాత ఇంకా చాలా ఉంది. దండలు వాడిపోయాక సోమన్నకు ఇంట్లో పడుకుంటే ఊపిరాడదు. పశువుల కొట్టం దగ్గర పడుకుంటాడు. ఎంతమందిని చంపావని ఊరంతా గొప్పగా అడుగుతుంది. ఏమైందిరా, ఏమైందో చెప్పరా అని తల్లి రోజూ అడుగుతుంది. వాడు చెప్పడు. ఒక తెల్లవారుజామున లేచి, ఎవరితోనూ చెప్పకుండా నడుచుకుంటూ పోతాడు. గడప దగ్గర నిలబడిన తల్లితో పుస్తకం అయిపోతుంది.

మర్నాడు అలివేలమ్మ హారతి దాకా చదివి పుస్తకం మూసేసింది. కథ కంచికి మనం ఇంటికి అంది. పంచలో పానకం, వడపప్పు పంచిపెట్టింది. ఉమామహేశ్వర్లు కూడా వచ్చి ఒక గ్లాసు తాగిపోయాడు. కాశమ్మ ఏడుస్తూ నవ్వుతూ సిపాయి పుస్తకాన్ని కళ్ళకద్దుకుంది. అంతమంది సంతోషం తన చేతిమీదుగా జరగడం అలివేలమ్మ జీవితంలో అదే మొదలు.

యుద్ధం ముగిసిన మరుసటేడు యల్లయ్య వచ్చాడు.

స్టేషన్ నుంచి జట్కాలో దిగాడు. రెండు కాళ్ళూ ఉన్నాయి, రెండు చేతులూ ఉన్నాయి, ఒంటిమీద దెబ్బ లేదు. కాశమ్మ హారతి పట్టింది. అచ్చం పుస్తకంలో మాదిరే వచ్చినాడని మాలకొండమ్మ ఊరంతా చాటింది. అలివేలమ్మ కూడా వీధి గుమ్మంలోకి వచ్చి చూసి, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

ఇల్లలకగానే పండగ అవుతుందా? యల్లయ్య పెట్టింది తింటాడు, చెప్పింది చేస్తాడు, మాట మాత్రం లేదు. ఉమామహేశ్వర్లు జాలిపడి ఆకు బండ్లు దించే పనిలో పెట్టుకున్నాడు. పని బాగానే చేసేవాడు. మేనమామ ఒకడు చిన్న మందను తోలుకుని వచ్చి మేపుకోరా అంటే, ఒక గొర్రె అరవగానే యల్లయ్య చెవులు మూసుకుని గోడవారకు ఒదిగిపోయాడు. పాలు మరవకముందే గొర్రెపిల్లల వెంట తిరిగినవాడు గొర్రె అరుపుకు వణకడమేమిటి? తెల్లారితే చాలు, లేచి అడవి దిక్కుకు నడిచేవాడు. తిరిగిరాడేమోనని కాశమ్మ కంటికి కనపడేంత దూరంలో వెంట పోయేది. ఏమైందిరా నాయనా అని దారంతా అడిగేది. రోజురోజుకూ ఇంకా ఇంకా దూరం పోయేవాడు.

పంచలో కాశమ్మ ఏమీ చెప్పుకునేది కాదు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని ఆమెకు తెలుసు. కానీ ఒకరోజు యల్లయ్య ఆకుమోపు దించడానికి వంగినప్పుడు చొక్కా పైకి లేచింది. వీపు మీద వాతలు. వేపమండలతో కొట్టినవి, కొరడాతో కొట్టినవి. దయ్యం పట్టిందని ఎవరో చెబితే కాశమ్మే కొడుకును తీసుకుపోయి భూతవైద్యుడి ముందు కూర్చోబెట్టింది. శత్రువు చెయ్యని గాయం తల్లి చేయించింది. అలివేలమ్మ చేతిలో పుస్తకం అక్షరాలు అలుక్కుపోయాయి. ఆ రోజు ఇక చదవలేకపోయింది.

అందరూ వెళ్ళాక కాశమ్మ లేవలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని అలివేలమ్మ పీట దగ్గరికి వచ్చి కూర్చుంది.

"అమ్మా, ఆ సిపాయి పుస్తకం ఉండాదా?"

"ఉంది. ఎందుకు కాశమ్మా?"

"ఆ పొద్దు నువ్వు హారతి కాడ మూసినప్పుడు ఇంకా వేలెడు మందం కాగితాలు మిగిలినాయి. నాకు చదువు రాదు గాని కండ్లుండాయి."

అలివేలమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదని అడిగింది.

"నాకు మాత్రం ఆ పొద్దు అంతకంటే వినాలని యాడుండాది?" అంది కాశమ్మ. "ఇప్పుడు చదువమ్మా. నా కొడుకు నాకు చెప్పడు. ఆ సోమన్నన్నా చెప్పనీ."

అది మంచి ముగింపు కాదని అలివేలమ్మ చెప్పింది. ఆ తల్లికి కొడుకు దక్కలేదని కూడా చెప్పేసింది. కాశమ్మ మాట మార్చుకోలేదు. యల్లయ్య ఉండగానే చదవమంది. వాడు వింటే లేచి పోతాడేమోనని అలివేలమ్మ భయం. వినకపోయినా రోజూ పోతానే ఉండాడు కదమ్మా అని కాశమ్మ జవాబు.

మర్నాడు ఆడవాళ్ళు సర్దుకుని కూర్చున్నాక సిపాయి పుస్తకం మళ్ళీ పంచలోకి వచ్చింది. యల్లయ్య బండి దించి, ఎప్పటిలాగే వీపు గోడకానించి మూలన కూర్చున్నాడు. అలివేలమ్మ హారతి తరవాత కాగితం తిప్పింది. ఈసారి ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క విడిచిపెట్టలేదు. వానలు కురిపించలేదు. సోమన్న పశువుల కొట్టంలో పడుకోవడం చదివింది. ఎంతమందిని చంపావని రచ్చబండ దగ్గర అడగడం చదివింది. తల్లి అడగడం చదివింది. పొద్దున అడగడం, అన్నం పెడుతూ అడగడం, నీళ్ళు తోడుతూ అడగడం. ఏమైందిరా, ఏమైందిరా అన్న మాట ఆ ప్రకరణంలో ఎన్నిసార్లు ఉందో, అన్నిసార్లూ చదివింది.

కాశమ్మ పుల్ల పక్కన పెట్టేసింది. "ఆయమ్మ కూడా అట్లనే అడిగిందా?" అంది ఎవరితోనో అన్నట్టు.

అలివేలమ్మ ఆగకుండా చదువుకుంటూ పోయింది. సోమన్న లేచి నడిచాడు. తల్లి గడప దగ్గర నిలబడింది. పుస్తకం అక్కడ అయిపోయింది. చివరి కాగితం తిప్పి చూపించి, ఇంకేమీ లేదని ఆమె పుస్తకం మూసింది. జీవితంలో మొదటిసారి చెడు దగ్గర మూసింది. కల్పించడానికి ఆమె దగ్గర ఎన్ని మేకపిల్లలు లేవు! ఒక్కటి కూడా బయటికి తీయలేదు.

కాశమ్మ కొడుకు వంక చూడడానికి కూడా భయపడి ఆకుల వంకే చూస్తోంది.

మూలనుంచి యల్లయ్య మాట వినపడింది. చాలా రోజులుగా వాడని గొంతు, మొదట సరిగ్గా పలకలేదు.

"అమ్మా, మా కంచరగాడిదలకు గొంతులు తీసినారు. అడవిలో అరిస్తే శత్రువుకు వినపడతాదని. ఒక్కొక్కదాన్ని పడేసి, పానం పోకుండా అరుపొచ్చే నరం కోసినారు. అవి నన్ను తప్ప ఇంకొకర్ని దగ్గరికి రానీవు. నేనే తలకాయలు ఒళ్ళో పెట్టుకుని పట్టుకున్నా. మళ్ళా లేసినాక నా కాడికే వచ్చి నోరు తెరిచేవి. సప్పుడు రాదు."

అంతే చెప్పాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. మాలకొండమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. జీవాల కాడ ఉండేవాడికి యుద్ధమేంది అని ఒకప్పుడు ఆ పంచలో అందరూ కలిసి అన్న మాట అలివేలమ్మకు గుర్తొచ్చింది. సోమన్న కథ రాసినాయన ఆ తల్లికి ఒక్క జవాబు కూడా దొరకనివ్వలేదు. కాశమ్మకు దొరికింది. దొరికినదాన్ని పట్టుకోవడానికి ఆమెకు రెండు చేతులూ చాలడం లేదు.

కాశమ్మ లేచి వెళ్ళి కొడుకు పక్కన, తాను కూడా గోడకు వీపు ఆనించి కూర్చుంది. ఆమె పెదవులు కదిలాయి. అలవాటైన మాట నోటిదాకా వచ్చిందని పంచలో అందరికీ తెలుస్తూనే ఉంది.

"నేను పోనులే అమ్మా," అన్నాడు యల్లయ్య.

కాశమ్మ ఏమీ అడగలేదు.